ఒక పువ్వు పెట్టే చోటు



మలేషియాలో పేరాక్ అనే రాష్ట్రం ఉంది. దాని దక్షిణాన తెలుక్ ఇంతాన్ పట్టణం దాటి సముద్రం వైపు వెళ్తే, ఆయిల్‌పామ్ తోటల మధ్య తెలుగు వినబడుతుంది. నూరేళ్ల కిందట విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి తోటల్లో కూలికని ఓడెక్కినవాళ్ల మనవలూ మునిమనవలూ అక్కడ స్థిరపడ్డారు. నిరుడు ఒక పెళ్లికని ఆ ఊళ్లలో ఒకదానికి వెళ్లాను. పెళ్లివారింటి వసారాలో ఎనభై అయిదేళ్ల మామ్మ ఒకావిడ కూర్చుని ఉంది. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఊరు, ఎవరి తాలూకు, పిల్లలెంతమంది అని అన్నీ అడిగింది. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, “మా అయ్యని సయాం రైలుకి పట్టుకుపోనారు బాబూ. మరి రానేదు” అంది.

అప్పటికి ఆవిడ నాలుగేళ్ల పిల్ల. లారీ కదులుతుంటే వాళ్లమ్మ వెనకాల పరుగెత్తడం గుర్తుందట. లారీ వెనక లేచిన ఎర్రదుమ్ము గుర్తుందట. తండ్రి ముఖం మాత్రం గుర్తులేదట. నేను మరికొన్ని రోజుల్లో బ్యాంకాక్ వెళ్తున్నానని తెలిసి, “ఆ పక్కకెల్తే మా అయ్యకి ఓ పువ్వెట్టి రా” అంది. ఎక్కడ పెట్టాలో ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ చోటు వెతుక్కుంటూ ఒక పగలంతా తిరిగిన సంగతి ఈ పూట మీకు చెబుతాను.

సయాం అంటే ఇప్పటి థాయిలాండ్. రెండో ప్రపంచయుద్ధంలో జపాను సైన్యం అక్కడి నుంచి బర్మాకు వేయించిన రైలుదారిని లోకమంతా మృత్యు రైలుమార్గం అంటుంది. ఆ దారి పొడవునా ఉన్న వంతెనలు, సమాధులు, కొండకోతలు చూపించి సాయంత్రానికి తిరిగి తీసుకొచ్చే ఒకరోజు యాత్రలు బ్యాంకాక్‌లో చాలా ఉన్నాయి. అలాంటి ఒక వ్యానులో నేనూ ఎక్కాను. తెల్లవారి ఆరున్నరకు బయల్దేరాం. అంతా ఎనిమిది మందిమి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అన్నాచెల్లెళ్లు ఇద్దరు, డెబ్బై ఏళ్ల వాళ్లు. వాళ్ల నాన్న ఆ రైలుదారి మీద యుద్ధఖైదీగా పనిచేసి బతికి బయటపడ్డాడు. నెదర్లాండ్స్ నుంచి ఒక జంట. ఇంగ్లండు నుంచి ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు. గైడు కాంచనబురిలోనే పుట్టి పెరిగిన ఒక థాయి ఆవిడ. దారిలో కాఫీకి ఆగినప్పుడు రోడ్డు పక్కన మల్లెమొగ్గల దండలు అమ్ముతుంటే ఒకటి కొన్నాను. వాటిని అక్కడ ఫువాంగ్ మాలై అంటారు. అందులోని మాలై మన మాలే. సంస్కృతం అటూ ఇటూ ప్రయాణం చేసింది కదా.

కాంచనబురి బ్యాంకాక్‌కు పడమరగా నూట ముప్పై కిలోమీటర్లు. వ్యానులోనే గైడు మైకు పట్టుకుని కథ మొదలుపెట్టింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాను వశమైంది. మార్చిలో రంగూన్ పడిపోయింది. మన ఉత్తరాంధ్ర వాళ్లు రంగం అని పిలుచుకునే ఊరే అది. బర్మాలో ఉన్న జపాను సేనలకు తిండీ మందుగుండూ చేరాలంటే ఓడలు మలయా చుట్టూ తిరిగి మలక్కా జలసంధి దాటి రావాలి. ఆ నీళ్లలో మిత్రరాజ్యాల జలాంతర్గాములు కాచుకుని ఉన్నాయి. అందుకని భూమ్మీదే ఒక దారి కావాలనుకున్నారు. థాయిలాండ్‌లో బాన్ పోంగ్ నుంచి బర్మాలో తాన్‌బ్యుజయాత్ వరకు 415 కిలోమీటర్లు. అంతకుముందు బ్రిటిష్ వాళ్లు ఈ దారిని పరిశీలించి, కొండల్నీ అడవుల్నీ చలిజ్వరాల్నీ చూసి మానుకున్నారు. జపాను ఇంజినీర్లు అటు నుంచీ ఇటు నుంచీ ఒకేసారి మొదలుపెట్టించి, దాదాపు ఏడాదిలో, 1943 అక్టోబరు 17న రెండు కొసల్నీ కలిపేశారు. ఆ మరుసటి ఏడు మన ఇంఫాల్, కోహిమాల మీదికి వచ్చిన సేనలకు సామాను చేరిన దారుల్లో ఇదీ ఒకటి. ఆ సంగతి గైడు చెప్పలేదు. నాకు తట్టింది.

ఆవిడ అంకెలు బాగా చెప్పింది. రైలుదారి పనిలో పెట్టిన యుద్ధఖైదీలు సుమారు అరవై వేలు. బ్రిటిష్ వాళ్లు ముప్పై వేలు, డచ్చి వాళ్లు పద్దెనిమిది వేలు, ఆస్ట్రేలియన్లు పదమూడు వేలు, అమెరికన్లు ఏడువందల దాకా. చనిపోయినవాళ్లు పన్నెండు వేలకు పైగా. ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యం: “ఇంకా ఆసియా కూలీలు కూడా చాలామంది.” వ్యాను మలుపు తిరిగింది. మాట కూడా తిరిగింది.

ఆ ఒక్క వాక్యంలో ఎంతమంది ఉన్నారో నేను చెబుతాను. సుమారు రెండు లక్షల మంది. బర్మావాళ్లు, జావావాళ్లు, మలయా నుంచి తెచ్చిన డెబ్బై అయిదు వేలకు పైగా జనం. మలయావాళ్లలో ఎక్కువమంది రబ్బరు తోటల తమిళులు. వాళ్లతోపాటు తెలుగువాళ్లు, మలయాళీలు, మలయ్‌లు, చీనావాళ్లు. యుద్ధంతో రబ్బరు కొనేవాడు లేక తోటలు మూతపడ్డాయి. బియ్యం దొరకలేదు. రోజుకు ఒక డాలరు కూలి, తిండి, మూడు నెలల్లో తిరుగు ప్రయాణం అని చెప్పి మొదట పిలిచారు. వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాకపోయేసరికి పిలిస్తే వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడు పట్టుకోవడం మొదలైంది. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి, అటునుంచి అటే లారీలెక్కించారని బతికి వచ్చినవాళ్లు చెప్పుకున్నారు. కొందరు పెళ్లాంబిడ్డలతో సహా వెళ్లారు. ఈ కూలీల్లో చనిపోయినవాళ్లు తొంభై వేల దాకా ఉంటారని సాధారణంగా వేసే లెక్క. ఖైదీల చావులకు ఏడింతలు.

మొదట మమ్మల్ని కాంచనబురి యుద్ధ సమాధుల తోటకు తీసుకెళ్లారు. ఊరి నడిబొడ్డున పెద్ద రోడ్డు పక్కనే ఉంది. లోపలికి అడుగుపెట్టగానే ఆ చదును, ఆ పచ్చదనం మనిషిని ఆపేస్తాయి. గడ్డిలో వరసలు వరసలుగా పొట్టి దిమ్మెలు, ఒక్కొక్క దిమ్మె మీద కంచు పలక. పేరు, దళం, తేదీ, వయసు. చాలా పలకల మీద ఇంటివాళ్లు పంపిన ఒక మాట. ప్రతి దిమ్మె పక్కనా ఒక చిన్న పూలమొక్క. అక్కడ 6,982 మంది ఖైదీలున్నారు. వాళ్లలో అయిదువేల పైచిలుకు కామన్వెల్త్ సైనికులు, మిగిలినవాళ్లు డచ్చివాళ్లు. రెండు సమాధుల్లో మాత్రం దహనం చేసిన 300 మంది చితాభస్మం ఉంది. కలరాతో పోయినవాళ్లను పాతిపెట్టకుండా కాల్చారు కనుక.

ఇరవై రెండు, ఇరవై మూడు, పంతొమ్మిది అని వయసులు చదువుకుంటూ నడిచాను. మాతో వచ్చిన ఇంగ్లీషు కుర్రాళ్లవీ అవే వయసులు. వ్యానులో పాటలు వింటూ వచ్చినవాళ్లు టోపీలు తీసి చేత్తో పట్టుకుని, ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడకుండా తిరుగుతున్నారు. ఆస్ట్రేలియా చెల్లెలు ఒక సమాధి దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. వాళ్ల నాన్న స్నేహితుడట.

ఇన్ని పేర్లు ఎలా మిగిలాయి? ఇది నన్ను ఆ రోజంతా వదల్లేదు. ఖైదీలకు తమ అధికారులున్నారు, వైద్యులున్నారు, గుమాస్తా పని తెలిసినవాళ్లున్నారు. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఏ జబ్బుతో పోయారో చిత్తు కాగితాల మీద రహస్యంగా రాసుకున్నారు. ఆ కాగితాల్ని సీసాల్లో, డబ్బాల్లో పెట్టి సమాధుల్లో పాతిపెట్టారు. యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, 1945లో ఒక చిన్న బృందం అదే రైలెక్కి దారి పొడవునా వెతుక్కుంటూ వెళ్లి 144 శ్మశానాలు, 10,549 సమాధులు గుర్తించింది. వాటిలోని అస్థికల్ని తెచ్చి ఇక్కడా, నది అవతల చుంగ్‌కైలోనూ, బర్మాలో తాన్‌బ్యుజయాత్‌లోనూ మూడు తోటలు కట్టారు. అమెరికన్లు తమవాళ్లను స్వదేశానికి తీసుకుపోయారు. తోటి మనిషి పేరు పోకూడదని ఆకలితో నకనకలాడుతూ కూడా రాసుకున్న ఆ చేతులకు నేను నిజంగా దండం పెడతాను. ఆ తోట చూసి నాకు ఈర్ష్య కలగలేదు. ప్రతి చావుకూ ఇంత దక్కాలి అనిపించింది.

ద్వారం దగ్గర మంటపంలో గోడమీద పదకొండు మన పేర్లున్నాయి. అవిభక్త భారత సైన్యానికి చెందినవాళ్లవి. థాయిలాండ్‌లో ముస్లిం ఖబరస్తాన్లలో సమాధి చేసినవాళ్లు. సైనికులు కనుక వాళ్ల పేర్లు గోడకెక్కాయి. తోటకూలీకి సైన్యం లేదు, నంబరు లేదు. దండ నా సంచిలోనే ఉంది.

సమాధుల తోట పక్కనే ఒక మ్యూజియం ఉంది. థాయిలాండ్ బర్మా రైల్వే కేంద్రం. 2003లో తెరిచారు. గంట సమయం ఇచ్చారు, నాకు చాలలేదు. మీరెవరైనా వెళ్తే దుకాణాల దగ్గర గడిపే కాలాన్ని తగ్గించుకుని ఇక్కడ ఉండండి. ఖైదీ వైద్యులు ఏమేం చేశారో చూస్తే రెండు చేతులూ జోడించాలనిపిస్తుంది. ఏటినీళ్లు కాచి, వడగట్టి, ఉప్పు కలిపి సెలైన్ తయారుచేశారు. వెదురు పుల్లల్ని సన్నగా చెక్కి నరంలోకి ఎక్కించారు. వెదురు ముల్లు గీసుకున్న చిన్న గాయం వారంలో ఎముక దాకా తినేసేది. ఆ పుండ్లను చెంచాతో గీకి శుభ్రం చేసేవారు. అదీ ఆగకపోతే కాలు తీసేసేవారు. కాళ్లు పోయినవాళ్లకు చెక్కతో, వెదురుతో కాళ్లు కట్టారు. వియరీ డన్‌లప్ అనే ఆస్ట్రేలియా సర్జన్ పేరు ఆ దేశంలో ఇప్పటికీ భక్తితో తలుచుకుంటారు. కాంచనబురి వ్యాపారి బూన్‌పోంగ్ శిబిరాలకు కూరగాయలు అమ్ముతూ, ఆ బుట్టల అడుగున మందులూ డబ్బూ దాచి పంపేవాడు. దొరికితే ప్రాణం పోయే పని అది.

మరి కూలీల శిబిరాల్లో? 1943లో వాన ముందే దిగింది. కలరా వచ్చింది. ఖైదీల శిబిరాల్లో వైద్యుడు జబ్బును గుర్తుపట్టాడు. కాచిన నీళ్లు తప్ప ఎవరూ ముట్టకూడదని అధికారి ఆజ్ఞ. తినే పళ్లేన్ని మరిగే నీళ్లలో ముంచి తీయాలి. మరుగుదొడ్ల గోతులు దూరంగా తవ్వారు. కలరా రోగుల్ని వేరుగా ఉంచారు. పోయినవాళ్లను కాల్చారు. అయినా వందలమంది పోయారు. కూలీలకు ఇవేవీ లేవు. చెప్పేవాడు లేడు, వినిపించేవాడు లేడు. నాలుగైదు భాషల జనాన్ని తెచ్చి ఒక పాకలో కుక్కారు. పై శిబిరం వాడిన ఏరే కింద శిబిరం తాగింది. మన ఊళ్లలో కలరా వస్తే మరిడమ్మకు మొక్కి, పొలిమేరలో కాపలా ఉండి, అయినవాళ్లు గంజి పోసి చూసుకునేవారు. అక్కడ పొలిమేరా లేదు, అయినవాళ్లూ లేరు. నడవలేనివాణ్ని అడవిలో వదిలేసి మిగిలినవాళ్లను ముందుకు నడిపించారు. 1943 మధ్యలో ఖైదీ వైద్యుల్ని కొందరిని కూలీల శిబిరాలకు పంపారు. అప్పటికే ఆలస్యమైంది. తొంభై వేలు అనే అంకె వెనక ఉన్న కారణం ఇదీ. వాళ్లు బలహీనులై పోలేదు. నీళ్లు కాచుకోమని చెప్పే ఒక్క మనిషి, కాచుకోవడానికి ఒక్క గిన్నె లేక పోయారు.

ఆ తర్వాత వంతెన. అందరూ వచ్చేది దానికోసమే. డేవిడ్ లీన్ సినిమా 1957లో వచ్చింది కదా, క్వాయ్ నది మీద వంతెన. ఆ సినిమా తీసింది అప్పటి సిలోనులో. ఈ వంతెన కింద పారే నదిని అసలు మే క్లోంగ్ అనేవారు. నవల రాసిన పియర్ బూల్ క్వాయ్ అన్నాడు. సినిమా చూసినవాళ్లంతా క్వాయ్ వంతెన ఏదని అడుగుతూ రావడంతో, 1960 ప్రాంతంలో ఆ నది పైభాగం పేరే క్వాయ్ యాయ్ అని మార్చేశారు. వంతెనకున్న గుండ్రటి ఇనుప కమానులు జావా నుంచి విప్పి తెచ్చినవి. మధ్యలో రెండు కమానులు మూలలు తేలి ఉంటాయి. 1945లో మిత్రరాజ్యాల బాంబులకు కూలిన చోట యుద్ధం తర్వాత జపాను పరిహారంగా కట్టించినవి అవి. ఆ రెండు ఆకారాల తేడా మీద గైడు చెయ్యి పెట్టి చూపించింది. చరిత్రను ఇనుములో చూపించడం అంటే అదే.

రేడియోలో మాట్లాడుతున్నాను కనుక ఇక్కడ ఒక రేడియో సంగతి చెప్పాలి. కాంచనబురి శిబిరంలో ఎరిక్ లోమాక్స్ అనే స్కాట్లండు ఖైదీ, అతని మిత్రులు కలిసి చాటుగా ఒక రేడియో తయారుచేసుకున్నారు. బయట యుద్ధం ఎటు పోతోందో వార్తలు వినడానికి. అది దొరికిపోయింది. వాళ్లను చావబాదారు. ఆ విచారణలో దుభాషిగా ఉన్న జపాను యువకుడి పేరు నగాసే తకాషి. యుద్ధం తర్వాత నగాసే పశ్చాత్తాపంతో మళ్లీ మళ్లీ కాంచనబురి వచ్చి అక్కడొక బౌద్ధ విహారం కట్టించాడు. యాభై ఏళ్లకు, 1993లో, వీళ్లిద్దరూ ఈ వంతెన దగ్గరే కలుసుకున్నారు. లోమాక్స్ క్షమించాడు. ఒక రేడియో కోసం ఎముకలు విరగ్గొట్టించుకున్న మనుషులున్నారని తెలిశాక ఈ మైకు ముందు కూర్చోవడం నాకు మామూలు పనిలా అనిపించడం లేదు.

వంతెన మీద ఫోటోలకని మాకు నలభై నిమిషాలిచ్చారు. నేను పక్కకు నడిచాను. కొంచెం దూరంలో చెట్ల మధ్య ఒక ఆవరణ ఉంది. మధ్యలో స్తంభం. 1944లో జపాను సైన్యమే కట్టించిన స్మారకం అది, ఈ పనిలో చనిపోయినవాళ్లందరి కోసం. చుట్టూ గోడల మీద వేర్వేరు భాషల్లో పలకలున్నాయి. ఒక పలక ముందు నిలబడిపోయాను. తమిళం. చదవడం నాకు రాదు కాని ఆ గుండ్రటి అక్షరాల్ని గుర్తుపట్టలేని తెలుగువాడు ఉంటాడా? తెలుగు పలక కోసం చుట్టూ తిరిగాను. లేదు. దండ బయటికి తీశాను. మళ్లీ సంచిలో పెట్టేశాను. కర్రతో తోలినవాడు కట్టించిన రాయి ముందు ఆ మామ్మ పంపిన పువ్వు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. ఆవిడే వచ్చి ఉంటే పెట్టేదేమో. అది ఆవిడ తీర్పు, నాది కాదు.

భోజనం తర్వాత రైలు. 415 కిలోమీటర్లలో ఇప్పుడు నామ్ తోక్ వరకు నూట ముప్పై కిలోమీటర్లే నడుస్తోంది. బడిపిల్లలు, బుట్టలతో ఆడవాళ్లు, మాలాంటి యాత్రికులు. థాం క్రాసే దగ్గర రైలు కొండను రాసుకుంటూ, నదిమీదికి వాలిన కొయ్యదిమ్మెల వంతెన మీద నత్తలా నడుస్తుంది. కిటికీలోంచి చెయ్యి చాస్తే రాయి తగులుతుంది. అందరూ ఫోన్లు బయటికి చాపారు. ఆస్ట్రేలియా అన్న మాత్రం కళ్లు మూసుకుని చక్రాల చప్పుడు వింటూ కూర్చున్నాడు.

అక్కడి నుంచి వ్యానులో హెల్‌ఫైర్ పాస్. నరకాగ్ని కనుమ అనుకోండి. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1998లో అక్కడ మ్యూజియం కట్టింది. టిక్కెట్టు లేదు. చెవికి పెట్టుకునే ఆడియో పరికరం ఇస్తారు. బతికి వచ్చిన ఖైదీల గొంతులే అందులో వినిపిస్తాయి. తప్పకుండా తీసుకోండి. తర్వాత వెదురు పొదల మధ్య మెట్లు దిగి కిందికి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కేటప్పుడు పడే కష్టం కూడా లెక్కవేసుకోవాలి. నీళ్లు దగ్గర ఉంచుకోవాలి.

దిగి చూస్తే, కొండను నిలువుగా చీల్చిన సందు. సుమారు ఇరవై అయిదు మీటర్ల లోతు. రెండు పక్కలా రాతిగోడలు. దీన్ని చేతులతో తవ్వారు. ఒకడు ఉక్కు ఉలి పట్టుకుని తిప్పుతుంటే మరొకడు సమ్మెటతో కొట్టాలి. రాతిలో మీటరు లోతు బెజ్జం పడాలి. అందులో మందు దట్టించి పేల్చాలి. పేలిన రాళ్లను బుట్టలకెత్తి చేతులతో మొయ్యాలి. పని ఆలస్యమైందని 1943లో పగలూ రాత్రీ తేడా లేకుండా, రోజుకు పద్దెనిమిది గంటల దాకా చేయించారు. రాత్రిళ్లు వెదురు మంటలు, నూనె దీపాలు పెట్టేవారు. పైనుంచి చూస్తే ఆ మంటల వెలుగులో బక్కచిక్కిన నీడలు గోడల మీద కదులుతూ నరకంలా కనిపించేవట. పేరు అలా వచ్చింది. విరిగిన ఉలి ముక్క ఒకటి ఇప్పటికీ రాతిలో ఇరుక్కుని ఉంది. వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల రాతి క్వారీల్లో ఇదే పని చేసినవాళ్లను నేను చూశాను. రాయి తగిలిన ఉలి అరచేతిని ఎలా అదరగొడుతుందో వాళ్లు చెప్పగలరు. వాళ్లు సాయంత్రానికి ఇంటికెళ్లి అన్నం తినేవాళ్లు.

కనుమ మధ్యలో, పట్టాలు తీసేసిన చోట కంకర మీద ఆస్ట్రేలియా అన్నాచెల్లెళ్లు కూర్చున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. పొద్దుటి నుంచి సంచిలో దండ మోస్తున్నావు, ఎవరికని చెల్లెలు అడిగింది. మామ్మ సంగతి చెప్పాను. వాళ్లన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, వాళ్ల నాన్న ఈ దారి గురించి ఇంట్లో పెద్దగా మాట్లాడేవాడు కాదట. ఒక్కటి మాత్రం రెండు మూడుసార్లు చెప్పాడట. వాళ్ల శిబిరానికి దిగువన ఏటి ఒడ్డున కూలీల పాకలుండేవి. పొద్దున్నే వాళ్ల పొయ్యిల పొగ కనబడేది. జూన్‌లో పొగ తగ్గుతూ వచ్చింది. జూలైలో ఒక రోజు చూస్తే పొగ లేదు. ఎవరినీ ఎటూ తీసుకెళ్లిన చప్పుడు వినబడలేదు.

మెట్లెక్కి పైకి వచ్చాక గైడును పక్కకు పిలిచి అడిగాను. ఆసియా కూలీల కోసం ఇక్కడ ఎక్కడైనా ఏదైనా ఉందా అని. ఆవిడ నా వైపు కాసేపు చూసింది. “ఉంది. మా అమ్మమ్మ ఇంటి దగ్గరే. మన దారిలో లేదు, ఎవరూ అడగరు కూడా” అంది. తన చిన్నప్పుడు, 1990లో, కాంచనబురిలో ఒక పొలంలో వందల మనుషుల ఎముకలు బయటపడితే ఊరంతా వెళ్లి చూసిందట. అవి ఖైదీలవి కావు. డ్రైవరుతో ఆవిడ థాయిలో ఏదో మాట్లాడింది. మిగతా వాళ్లను అడిగాం. ఆలస్యమవుతుందని ఒక్కరూ అనలేదు. గైడు మీద నాకున్న చిన్న అసంతృప్తి ఆ నిమిషంలో పోయింది. మనం అడిగినంతే చూపించమని ఆవిడకు జీతమిస్తున్నది మనలాంటి యాత్రికులమే కదా.

సాయంత్రం అయిదు దాటాక కాంచనబురి చేరాం. వ్యాను ఆగిన చోటు చూసి ఆశ్చర్యపోయాను. పొద్దున మేం చూసిన యుద్ధ సమాధుల తోటకు నడిచి వెళ్లేంత దూరమే. మధ్యలో ఒక పాత చీనావాళ్ల శ్మశానం. దాన్ని ఆనుకుని వాట్ థావోర్న్ వరారామ్ అనే మహాయాన బౌద్ధ విహారం. యుద్ధం తర్వాత అక్కడక్కడా దొరికిన వేలమంది కూలీల అస్థికల్ని ఈ ఆవరణలోనే పూడ్చి మీద స్తూపం కట్టారు. పేర్లు లేవు. 2023లో మలేషియా, థాయిలాండ్ తమిళులు పూనుకుని ఇక్కడే ఒక నడుకల్లు నిలబెట్టారు. నడుకల్లు అంటే మన వీరగల్లు. రాయలసీమలో, తెలంగాణలో, ఊరి బయట చింతచెట్టు కింద కత్తి పట్టిన మనిషి బొమ్మతో నిలబడి ఉండే రాయి. పశువుల్ని కాపాడబోయి పోయినవాడికీ, ఊరికోసం పోయినవాడికీ నిలబెట్టినది. కారంపూడి వీర్ల గుడిలో పల్నాటి వీరుల్ని ఈనాటికీ కార్తీకంలో కొలుస్తున్నాం. యుద్ధంలో పోయినవాణ్ని రాయిగా నిలబెట్టి పూలుపెట్టే పద్ధతి మనకు ఎప్పటినుంచో ఉంది. ఎనభై ఏళ్ల ఆలస్యంగానైనా ఆ పద్ధతి సముద్రం దాటి వీళ్లదాకా వచ్చింది. తమిళ సోదరులు చేసిన పని అది. మలయా తోటల లైన్లలో వాళ్లూ మనవాళ్లూ పక్కపక్క గదుల్లో బతికారు. ఒకే లారీ ఎక్కారు. ఆ రాయి మీద తెలుగు కోసం ఈసారి నేను వెతకలేదు.

దండ వాడిపోయింది. పొద్దున కొన్నది కదా. ఆస్ట్రేలియా చెల్లెలు తన సీసాలోని నీళ్లు దానిమీద చల్లింది. రాయి ముందు పెట్టాను. గైడు అగరువత్తులు తెచ్చి అందరికీ తలా మూడు ఇచ్చింది. డచ్చి జంట, ఇంగ్లీషు కుర్రాళ్లు, అన్నాచెల్లెళ్లు వరసగా నిలబడి గుచ్చారు. ఆ మనిషి పేరు మామ్మ నాకు చెప్పి ఉంది. ఆ పేరు ఒకసారి పైకి అన్నాను.

రాత్రి బ్యాంకాక్ నుంచి ఆ పెళ్లివారింటికి ఫోన్ చేశాను. మనవడు మామ్మకిచ్చాడు. పువ్వు పెట్టానని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అక్కడ నీడుందా బాబూ?” అని అడిగింది. గుడి పక్కనే అని, సాయంత్రమైతే గోడ నీడ పడుతోందని చెప్పాను.

“అయితే మంచిదే” అని ఫోను మనవడికిచ్చేసింది.